గాలి అందని పేగులో ఏలికపాము ఎలా బతుకుతుంది?

మన చిన్నపేగులో ఆక్సిజన్ చాలా తక్కువ. అక్కడ 35 సెంటీమీటర్ల దాకా పెరిగే ఏలికపాముకు బలం ఎక్కడిది? మనం తిన్న అన్నం నుంచి వచ్చే గ్లూకోజే! వాడగా మిగిలినదాన్ని కండరాల్లో గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది, గాదెలో వడ్లలా.

మనమైతే చక్కెరను ఆక్సిజన్‌తో పూర్తిగా కార్బన్ డయాక్సైడ్, నీరుగా మార్చి బోలెడు శక్తి రాబడతాం. పెద్ద ఏలికపాము ఆ పని సగంలోనే ఆపి, మిగిలినదాన్ని కొవ్వు ఆమ్లాలుగా బయటికి వదిలేస్తుంది. ఎంత దుబారా! కానీ తిండికి కొదవలేని చోట అదే చాలు. విచిత్రమేమిటంటే, ఊపిరితిత్తుల్లో తిరిగే దీని పిల్లపురుగు మాత్రం ఆక్సిజన్‌నే వాడుకుంటుంది. పేగులోకి చేరి పెద్దదయ్యాక పద్ధతే మార్చేస్తుంది.

బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర పురుగు గ్లూకోజ్‌ను పీల్చుకోకుండా అడ్డుకుంటుంది. దాచుకున్న గ్లైకోజెన్ కూడా అయిపోతుంది, పురుగు చస్తుంది.