గూళ్లు మోసే బండికి కార్బరేటర్ స్క్రూ ఎంత తిప్పాలి?

"అన్నా, బండి మైలేజీ ఇస్తా లేదు, స్క్రూ ఎట్ల తిప్పాల?" అని గ్రూపులో ఇద్దరు ముగ్గురు అడిగినారు. వాయిస్ మెసేజ్‌లో చెప్తే సగమే అర్థమవుతుంది, అందుకే ఈసారి పురుగుల సంగతి పక్కన పెట్టి బండి సంగతి రాస్తున్నాను.

ఇది పాత బండ్ల వాళ్లకు మాత్రమే. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో చాలా వాటికి కార్బరేటర్ లేదు, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది. పెట్రోల్ ఎంత పోవాలో అందులో ఉండే చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది, మనం తిప్పేదానికి ఏమీ ఉండదు. కానీ మనలో ఎక్కువ మంది ఆకు మోసేది, గూళ్లు మోసేది ఇంకా అంతకు ముందు కొన్న 100 సీసీ బండ్ల మీదనే కదా.

నాకు జరిగింది చెప్తా. మూడేండ్ల కిందట వేసవి పంటప్పుడు కొత్త మెకానిక్ దగ్గర సర్వీసుకు ఇచ్చినాను. "లీటరుకు 10 కిలోమీటర్లు ఎక్కువ వచ్చేట్టు చేస్తా" అన్నాడు. ఖాళీ బండి మీద నిజంగానే వచ్చింది, నేనూ సంతోషపడినా. వారం తర్వాత రెండు సంచుల్లో 60 కిలోల గూళ్లు కట్టుకొని తెల్లారుజామున శిడ్లఘట్ట మార్కెట్‌కు బయల్దేరినా. మొదటి ఎత్తు దగ్గరే బండి లాగలేదు. రేస్ ఇస్తే ముక్కుతుంది, వదిలితే సైలెన్సర్‌లో ఠప్ ఠప్ అని కొడుతుంది, ఆపితే ఆఫ్ అయిపోతుంది. చోక్ సగం లాగి పట్టుకుంటే మాత్రం ఏదో నడిచింది. నాలుగు చోట్ల ఆగి, ఇంజన్ చల్లారబెట్టుకుంటూ చేరేసరికి ఎండ ఎక్కింది, వేలం అయిపోవస్తా ఉంది. సంచుల్లో గూళ్లు చెమర్చినాయి, కొన్ని మరక పడినాయి. పక్క ఊరి లాటు కంటే కిలోకు 40 రూపాయలు తక్కువకు ఇచ్చి వచ్చినా.

లెక్క చూడండి. నేను నెలకు 300 కిలోమీటర్లు తిరుగుతా. లీటరుకు 50 వచ్చేది 60 అయితే నెలకు మిగిలేది ఒక్క లీటరు. ఆ ఒక్క పొద్దున పోయింది 2400 రూపాయలు.

ఇంటికి వచ్చి కార్బరేటర్ విప్పి చూస్తే, లోపల సూదికి ఉండే క్లిప్పును పైగాటులో పెట్టినాడు, బయట స్క్రూ కూడా పెట్రోల్ తగ్గేట్టు తిప్పినాడు. అంటే రెండు పక్కలా బండి కడుపు మాడ్చినాడు.

పెట్రోల్ ఒక్కటే మండదు, గాలి కలవాలి. 1 గ్రాము పెట్రోల్ పూర్తిగా మండేదానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. బరువు లాగేటప్పుడు ఇంజన్‌కు దానికంటే కొంచెం ఎక్కువ పెట్రోల్ కావాలి. గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైతే మెకానిక్కులు 'లీన్' అంటారు. బండి వేడెక్కుతుంది, లాగదు, ఎక్కువ రోజులు అట్లే తోలితే వాల్వు, పిస్టన్ చెడతాయి. పెట్రోల్ ఎక్కువైతే 'రిచ్'. నల్ల పొగ, పెట్రోల్ వాసన, ప్లగ్గు మీద మసి. చోక్ లాగితే గాలి తగ్గుతుంది కాబట్టి, చోక్ లాగినప్పుడు బండి బాగా నడిస్తే అది లీన్‌గా ఉందని అర్థం. ఆ రోజు దోవలో నాకు ఈ సంగతి తెలిసుంటే స్క్రూ కొంచెం తిప్పుకొని పోయేవాణ్ణి.

ముఖ్యమైన విషయం ఇది. బయట కనపడే ఆ చిన్న మిక్చర్ స్క్రూ పని చేసేది స్లో మీద, యాక్సిలరేటర్ పావు వంతు తిప్పేదాకా మాత్రమే. అక్కడి నుంచి ముక్కాలు దాకా పెట్రోల్ ఇచ్చేది సూది, పూర్తిగా తిప్పితే మెయిన్ జెట్. రోడ్డు మీద బరువుతో పోయేటప్పుడు స్క్రూకు పెద్ద పని లేదు. కాబట్టి దాన్ని బిగించి మైలేజీ తెస్తానంటే నమ్మొద్దు. సరిగ్గా ఉంటే బండి పొద్దున ఒక్క కిక్కుకే లేస్తుంది, నిలబెడితే ఆగదు, పిక్ అప్ తడబడదు. అంతే దాని పని.

స్క్రూ ముట్టే ముందు వేరేవి చూడాల. నా అనుభవంలో సగం బండ్లకు స్క్రూ దోషమే ఉండదు. టైరులో గాలి, చైను, బ్రేకు పట్టేసుకొని ఉందేమో చూడండి. స్టాండు వేసి వెనక చక్రం చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాల. తర్వాత ఏర్ ఫిల్టర్. మనం బండిని తెచ్చి పురుగుల షెడ్డు గోడకే ఆనించి పెడతాం. పడకల మీద చల్లే సున్నం, బ్లీచింగ్ పౌడర్, తోట దోవలో దుమ్ము, అన్నీ ఫిల్టర్‌లోకే పోతాయి. ఫిల్టర్ మూసుకుంటే బండి రిచ్ అయి పెట్రోల్ తాగుతుంది. కాగితం ఫిల్టర్ అయితే కడగకండి, మార్చండి. స్పాంజిది అయితే కడిగి ఆరబెట్టి, కొంచెం ఆయిల్ పట్టించి పిండి పెట్టొచ్చు. కార్బరేటర్ అడుగున గిన్నెకు ఒక డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. పెట్రోల్ కాక్ మూసి, గాజు సీసా పెట్టి వదలండి. అడుగున నీళ్లు, నలుసులు కనపడతాయి. కార్బరేటర్‌కు, ఇంజన్‌కు మధ్య రబ్బరు గొట్టం పగిలి ఉంటే అక్కడ గాలి దూరి, ఎంత తిప్పినా స్లో నిలవదు.

ఇవన్నీ బాగుంటేనే స్క్రూ. బండిని 10 నిమిషాలు తోలి బాగా వేడి చేసుకోండి. చల్లటి ఇంజన్ మీద చేసిన సెట్టింగు నిలవదు. చోక్ పూర్తిగా ఆఫ్‌లో ఉండాల. కార్బరేటర్‌కు రెండు స్క్రూలు కనపడతాయి. యాక్సిలరేటర్ కేబుల్ పోయే గుండ్రటి భాగం పక్కన ఉండేది స్లో స్క్రూ, బిగిస్తే ఇంజన్ వేగం పెరుగుతుంది. ఇంకొకటి మిక్చర్ స్క్రూ. మొదట ఇంజన్ ఆపి, మిక్చర్ స్క్రూను నెమ్మదిగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో లెక్కపెట్టి రాసుకోండి. ఆగినాక గట్టిగా బిగించొద్దు, మొన చాలా సన్నం, నలిగితే కార్బరేటరే మార్చాల. తర్వాత ఒకటిన్నర చుట్టు వెనక్కు తిప్పి ఇంజన్ స్టార్ట్ చేయండి.

ఇప్పుడు మిక్చర్ స్క్రూను పావు చుట్టు అటు, పావు చుట్టు ఇటు తిప్పి చెవి పెట్టి వినండి. ప్రతిసారీ ఇంజన్ సర్దుకునేదానికి ఒకటి రెండు క్షణాలు ఆగాల. ఒక చోట శబ్దం వేగంగా, సాఫీగా అవుతుంది. అక్కడ వదిలిపెట్టి, స్లో స్క్రూ తగ్గించి మామూలు వేగానికి తెండి. 100 సీసీ బండ్లకు స్లో సుమారు 1400 చుట్లు. మీటరు లేకపోతే చెవే మీటరు. మళ్లీ ఒకసారి మిక్చర్ చూసుకోండి. యాక్సిలరేటర్ ఠక్కున తిప్పితే తడబడినా, వదిలినప్పుడు ఠప్ మన్నా లీన్‌గా ఉన్నట్టు, ఎనిమిదో వంతు చుట్టు పెట్రోల్ పెంచండి.

ఎటు తిప్పితే పెరుగుతుందని చాలామందికి గందరగోళం. స్క్రూ ఏర్ ఫిల్టర్ పక్కన ఉంటే అది గాలి స్క్రూ, బిగిస్తే రిచ్. ఇంజన్ పక్కన ఉంటే బిగిస్తే లీన్. గ్రూపులో ఒకరు 'బిగించు', ఇంకొకరు 'వదులు' అని కొట్లాడుకునేది ఇందుకే, ఇద్దరి బండ్లూ వేరే!

సూది క్లిప్పు పైగాటులో ఉంటే లీన్, కిందిగాటులో ఉంటే రిచ్. ఎవరైనా మార్చి ఉంటే కంపెనీ పెట్టిన గాటుకే తిరిగి తెండి. కొన్ని బండ్ల సూదికి గాట్లే ఉండవు.

వారం తోలి ప్లగ్గు విప్పి చూడండి. కాఫీపొడి రంగు ఉంటే సరి. నల్ల మసి అయితే రిచ్, సున్నం మాదిరి తెల్లగా ఉంటే లీన్. మైలేజీ చూడాలంటే ట్యాంకు నిండా పోయించి, మళ్లీ నిండా పోయించేటప్పుడు పట్టిన లీటర్లతో కిలోమీటర్లను భాగించండి. ముల్లును నమ్ముకోవద్దు.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత సెట్టింగు మీదనే బండి కొంచెం లీన్ అవుతుంది. దాని మీద ఇంకా తగ్గిస్తే నా కథే. ఇథనాల్ నీళ్లను కూడా పట్టుకుంటుంది, నెలలు నిలబెట్టే బండి గిన్నె ఖాళీ చేసి పెట్టండి. యానాం పక్క నుంచి పాత బండి కొని కోలారు, హోసూరు పక్కకు తెచ్చుకునేవాళ్లకు ఇంకొకటి. మనది సముద్రానికి 800, 900 మీటర్ల ఎత్తు, గాలి పలచన, అక్కడ సరిగ్గా ఉన్న బండి ఇక్కడ కొంచెం రిచ్ అవుతుంది. ఇక్కడి బండి అక్కడికి పోతే లీన్.

ఈ పనంతా షెడ్డుకు దూరంగా, గాలి ఆడే చోట, దగ్గర బీడీ, పొయ్యి లేకుండా చేయండి. నాలుగో జ్వరం లేచిన తర్వాత పురుగు తినే రోజుల్లో అస్సలు పెట్టుకోవద్దు, ఆకు కోసం రోజుకు రెండు మూడు సార్లు బండి కావాల. పొగ, మందుల వాసన పురుగుకు పడదని మనకు తెలుసు. పెట్రోల్ చేతులతో ఆకు ముట్టకుండా సోపుతో కడుక్కొని, బట్టలు మార్చుకొని లోపలికి పోండి. నా బండికి ఒకటీ ముక్కాలు చుట్టు దగ్గర కుదిరింది, ఆ లెక్క చీటీ మీద రాసి సీటు కింద పెట్టుకున్నా. సర్వీసుకు ఇచ్చి తెచ్చుకున్న ప్రతిసారీ మొదట అదే చూస్తా.