శ్రీశైలం దారిని గంటల్లో కొలవాలి

హైదరాబాదు నుంచి విజయవాడకు 275 కిలోమీటర్లు. శ్రీశైలానికి దాదాపు 215. అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే శ్రీశైలం అరవై కిలోమీటర్లు దగ్గర. కానీ విజయవాడకు నాలుగున్నర, ఐదు గంటల్లో చేరతాం. శ్రీశైలానికీ అదే ఐదు గంటలు పడుతుంది. అదీ దారిలో టిఫిన్‌కు తప్ప ఎక్కడా ఆగకపోతేనే. పిల్లల్నీ పెద్దవాళ్లనీ ఎక్కించుకుని, జలపాతం చూసి, దర్శనం చేసుకుని, డ్యామ్ గేట్లు చూసి రావాలనుకునే కుటుంబం ముందుగా పట్టించుకోవాల్సిన అంకె ఈ గంటలదే. ఈ ప్రయాణాన్ని కిలోమీటర్లలో వేసుకున్నవాళ్లే చీకట్లో ఘాట్ రోడ్డు మీద చిక్కుకుంటారు.

దారిని రెండు ముక్కలుగా చూడాలి. కడ్తాల్, ఆమనగల్, కల్వకుర్తి, డిండి మీదుగా మన్ననూరు దాకా సుమారు 140 కిలోమీటర్లు మైదానం. ఊళ్లు, స్పీడ్ బ్రేకర్లు, రోడ్డెక్కే గొర్రెల మందలు అన్నీ కలుపుకుని సగటున గంటకు 55 వేసుకుంటే రెండున్నర గంటలు. అక్కడి నుంచి నల్లమల మొదలు. మిగిలిన 75 కిలోమీటర్లలో సగటు 35 దాటదు, దాటకూడదు కూడా. అంటే ఇంకో రెండు గంటల పది నిమిషాలు. దూరంలో చివరి మూడో వంతు, సమయంలో దాదాపు సగం తినేస్తుంది.

ఆ 75లో ఎక్కువ భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. కృష్ణ దాటితే నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం, విస్తీర్ణంలో దేశంలోని పులుల అభయారణ్యాలన్నిటికంటే పెద్దది. అందుకే రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మన్ననూరులో, దోమలపెంటలో అటవీశాఖ చెక్‌పోస్టులు మూసేస్తారు. ప్రకాశం, గుంటూరు వైపు నుంచి దోర్నాల మీదుగా వచ్చేవారికీ ఇదే నిబంధన. తెల్లవారుజామున రెండింటికి బయల్దేరితే త్వరగా చేరిపోతామనుకునేవారు నాలుగున్నరకే మన్ననూరు గేటు ముందు బండి ఆపుకుని గంటన్నర కునికిపాట్లు పడతారు. డ్రైవర్‌కు నిద్ర ముంచుకొచ్చే వేళ కూడా సరిగ్గా అదే. రాత్రంతా ఇంట్లో పడుకుని ఐదింటికి బయల్దేరడమే మేలు. నష్టపోయేదేమీ లేదు.

రాత్రి మూసేది జంతువుల కోసమే అయినా, పగలు కూడా ఆ దారి వాటిదే. దుప్పులు, కొండముచ్చులు, కోతులు ఏ మలుపులోనైనా అడ్డం రావచ్చు. ఇక్కడ చిన్న లెక్క చూడండి. ఎదురుగా ఏదో ఉందని కన్ను గుర్తించి, కాలు బ్రేకు మీద పడేసరికి సుమారు సెకనున్నర. గంటకు 40 వేగంలో ఆలోగానే బండి 17 మీటర్లు పోతుంది. పొడి రోడ్డయితే మరో 9 మీటర్లకు ఆగుతుంది. మొత్తం 26. అదే 80లో వెళ్తుంటే 33 మీటర్లు పోయాక గానీ బ్రేకు పడదు, ఆగడానికి ఇంకో 36. మొత్తం 69. వానకు తడిసిన రోడ్డు మీద 80 వేగంతో వెళ్లే బండి ఆగేసరికి 95 మీటర్లు దాటుతుంది. నల్లమల మలుపుల్లో ముందున్న దారి చాలాచోట్ల అంత దూరం కనపడనే కనపడదు. వేగం రెట్టింపయితే ఆగే దూరం రెట్టింపు కంటే చాలా ఎక్కువే పెరుగుతుంది. అడవి దాటడానికి పట్టే రెండు గంటలను గంటంబావుకు కుదించామని గొప్పగా చెప్పుకునేవారిని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. ఒక్క రోజులో వెళ్లి రావచ్చా?

ఐదింటికి బయల్దేరి, కల్వకుర్తిలో అరగంట టిఫిన్‌కు ఆగితే మన్ననూరుకు ఎనిమిదింటికి చేరతాం. అక్కడి నుంచి వటవర్లపల్లికి గంట. మల్లెలతీర్థం జలపాతం చూడాలంటే అక్కడే పక్కకు తిరిగి దాదాపు 8 కిలోమీటర్లు లోపలికి వెళ్లాలి. రానూపోనూ గంట, దిగి చూసి ఎక్కడానికి గంటన్నర. తిరిగి పెద్ద రోడ్డెక్కేసరికి పదకొండున్నర. శ్రీశైలం చేరేది ఒంటిగంటకు. ఆగస్టులో సూర్యాస్తమయం 6.40 ప్రాంతంలో. వెలుగుండగానే అడవి దాటాలంటే నాలుగుంబావుకల్లా శ్రీశైలంలో బండి కదలాలి. చేతిలో మిగిలేది మూడుంబావు గంటలు. అందులోనే భోజనం, పార్కింగ్, ఫోన్లూ చెప్పులూ అప్పగించడం, క్యూలైను. శని, ఆదివారాల్లో క్యూలోనే రెండు మూడు గంటలు గడిచిపోవచ్చు. కార్తీకంలో ఇంకా కష్టం. ఐదు గంటల నలభై నిమిషాలకే పొద్దు గూకుతుంది. అంటే మూడున్నరలోపే తిరుగుముఖం పట్టాలి.

కాబట్టి ఒక్క రోజే ఉంటే జలపాతమో, దర్శనమో ఏదో ఒకటే. రెండూ కావాలంటే రాత్రి అక్కడ ఉండాల్సిందే. దేవస్థానం గదులు, సత్రాలు, హరిత హోటల్ ఉన్నాయి. వారాంతమైతే ముందుగా బుక్ చేసుకోకుండా బయల్దేరకండి. పైన గది దొరకనివాళ్లు డ్యామ్ దగ్గరున్న సున్నిపెంటలో వెతుక్కోవచ్చు.

మల్లెలతీర్థం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కార్లో వెళ్లి, బండి దిగగానే కనపడే జలపాతం కాదది. సుమారు 350 మెట్లు దిగాలి. ఒక్కో మెట్టు 16 సెంటీమీటర్లు వేసుకున్నా 56 మీటర్లు, అంటే పద్దెనిమిది అంతస్తుల మేడ. దిగేటప్పుడు ఎవరికీ తెలియదు. ఎక్కేటప్పుడు తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవారిని, గుండె జబ్బుకు మందులు వాడేవారిని బతిమాలి దించడం ప్రేమ అనిపించుకోదు. పైనే చెట్ల నీడలో కూర్చోబెట్టి, తోడుగా ఒకరు ఉండండి. వానాకాలం మధ్య నుంచి కార్తీకం దాకా నీటి ధార బాగుంటుంది. వేసవిలో సన్నబడుతుంది. పైన అడవిలో వాన పడితే, కింద మనకు చినుకు తగలకపోయినా కాసేపట్లో నీరు పెరగవచ్చు. నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా పిల్లల్ని తీసుకుని వెంటనే పైకి రావాలి. మళ్లీ వచ్చే వేసవిదాకా ఎదురుచూసినా ఫర్వాలేదు, నీళ్లు ఎక్కువగా ఉన్న రోజున గుండంలోకి దిగవద్దు.

ఇక డ్యామ్. ఆగస్టు వస్తే చాలు, తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఒకటే ప్రశ్న: గేట్లు ఎప్పుడెత్తుతారు? దీనికి జవాబు పత్రికల్లో రోజూ వచ్చే నాలుగు అంకెల్లో ఉంటుంది. చదవడం తెలిస్తే ఎవరైనా అంచనా వేసుకోవచ్చు.

శ్రీశైలం పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు. అప్పుడు ఉండే నీరు 215.8 టీఎంసీలు. కట్టినప్పటి సామర్థ్యం 308. ఆ తేడా అంతా పూడిక. 92 టీఎంసీల చోటును మన్ను మింగేసింది. జలాశయం గిన్నెలా పైకి వెడల్పవుతుంది గనక అడుగుల లెక్క మోసం చేస్తుంది. 854 అడుగుల దగ్గర ఉండేది దాదాపు 90 టీఎంసీలు మాత్రమే. "ఇంకా 31 అడుగులే" అని పేపర్లో చదివి బయల్దేరేవాళ్లు, ఆ 31 అడుగుల్లో 125 టీఎంసీలు పడతాయన్నది మరచిపోతారు. చివరి అడుగు ఒక్కటే ఐదు టీఎంసీలకు పైగా పడుతుంది. అందుకే అడుగులు వదిలేసి టీఎంసీలు చూడండి.

తర్వాత ఇన్‌ఫ్లో. ఒక లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే 8.64 టీఎంసీలు. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు. ఉదాహరణకు జలాశయంలో 150 టీఎంసీలున్నాయి, నిండడానికి 66 కావాలి. ఎగువన ఉన్న జూరాల, సుంకేశుల నుంచి కలిపి 2 లక్షల క్యూసెక్కులు వస్తున్నాయి. రెండు గట్ల మీది విద్యుత్ కేంద్రాలూ పూర్తిగా నడిస్తే 60 వేల పైచిలుకు కిందికి పోతుంది. పోతిరెడ్డిపాడు వగైరా కాలువలు కలిపి మొత్తం 80 వేలు బయటికి పోతోందనుకుందాం. మిగిలేది లక్షా ఇరవై వేలు, అంటే రోజుకు 10.4 టీఎంసీలు. ఆరు రోజులు దాటాక నిండుతుంది. ఎగువన వరద పెరిగితే నాలుగు రోజులకే, తగ్గితే పది రోజులకు. పెద్ద వరద వస్తున్నప్పుడు 885 దాకా ఆగకుండా ముందే గేట్లెత్తుతారు. 2024లో జూలై 29న ఎత్తారు. 2025లో జూలై 8నే ఎత్తారు. 2023లో కృష్ణకు పెద్దగా నీరు రాలేదు, గేట్లూ లేవలేదు. పోయినేడు ఫలానా తారీఖున చూశాం కదా అని ఈ ఏడూ అదే తారీఖుకు సెలవు పెట్టుకుంటే లాభం లేదన్నమాట.

డ్యామ్‌కు 12 గేట్లు. ఒక గేటు పది అడుగులు ఎత్తితే దాదాపు 27 వేల క్యూసెక్కులు దూకుతాయి. క్యూసెక్కుకు 28.3 లీటర్లు. సెకనుకు ఏడున్నర లక్షల లీటర్ల పైమాట. మన వీధికొచ్చే 12 వేల లీటర్ల ట్యాంకర్లు 63 ఒక్కసారిగా, ఒక్క సెకనులో కుమ్మరించినట్టు, అదీ ఒక్క గేటు నుంచి. పది గేట్లు పదేసి అడుగులు లేచి ఉన్నాయంటే 2 లక్షల 70 వేల క్యూసెక్కులు మీ కళ్ల ముందు పోతున్నాయని లెక్క. వంతెన మీద నిలబడి పిల్లలతో గేట్లు లెక్కపెట్టించి, ఈ గుణకారం చేయించండి. 2009 అక్టోబరు తొలివారంలో ఇదే డ్యామ్‌లోకి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆ పక్కన ఈ లెక్క పెట్టి చూస్తే కర్నూలు ఆ వారం ఎందుకు మునిగిందో పిల్లలకు కూడా అర్థమవుతుంది.

గేట్లెత్తిన తొలి శని, ఆదివారాలు మాత్రం కుటుంబాలకు మంచి రోజులు కావు. దోమలపెంట నుంచి వంతెన దాకా ఘాట్ మలుపుల్లో కిలోమీటర్ల కొద్దీ బండ్లు ఆగిపోతాయి. పక్కన చోటుండదు, వెనక్కి తిప్పే వీలుండదు, చంటిపిల్లకు పాలు కాచే దిక్కుండదు. వరద సాధారణంగా ఒక్క రోజులో ఆగదు. ఇన్‌ఫ్లో 2 లక్షలకు పైనే ఉంటే మంగళ, బుధవారాల్లోనూ గేట్లు తెరిచే ఉండే అవకాశం ఎక్కువ. ఒక్క రోజు సెలవు పెట్టగలిగితే అప్పుడు వెళ్లండి.

కొండకు వెళ్తున్నాం, చల్లగా ఉంటుందని స్వెటర్లు సర్దుకునేవారికి ఇంకో అంకె. హైదరాబాదు సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది. శ్రీశైలం ఊరు అంతకంటే దిగువనే ఉంది. దారిలో అమ్రాబాద్ పీఠభూమి ఎక్కుతాం గానీ, తర్వాత డ్యామ్ కింది వంతెన దాకా దిగి, అవతల మళ్లీ ఎక్కుతాం. కొండ అనిపించేది ఈ దిగి ఎక్కడం వల్లే. మే నెలలో అక్కడ ఎండ మండిపోతుంది. చల్లదనమే కావాలంటే అరకు, లంబసింగి వైపు చూడాలి. ఇక్కడ దొరికేది అడవి పచ్చదనం. అది జూలై నుంచి డిసెంబరు దాకా కళ్లకు కడుపు నింపుతుంది. వంతెన దాకా ఉన్న ఆ దిగుడులో బండిని న్యూట్రల్‌లో వదలకండి. ఎక్కడానికి ఏ గేరు వాడతారో దిగడానికీ అదే. బ్రేకులు వేడెక్కిన వాసన వస్తే చోటు చూసుకుని ఆపేయండి.

శ్రీశైలం పన్నెండు జ్యోతిర్లింగాల్లో ఒకటి, పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఒకటి. సోమవారాలు, కార్తీకం, శివరాత్రి ముందువెనకల రోజుల్లో జనం పోటెత్తుతారు. దర్శనం టికెట్లను దేవస్థానం వెబ్‌సైట్లో ముందే తీసుకుంటే పెద్దవాళ్లకు ఎంతో శ్రమ తగ్గుతుంది. మర్నాడు తెల్లవారుజామునే దర్శనానికి వెళ్లి, బయటికొచ్చాక గుడి ప్రాకారం చుట్టూ నెమ్మదిగా ఒక చుట్టు నడవండి. దర్శనం అయిపోయిందని గబగబా బండెక్కేసేవారు ఆ గోడ మీది విజయనగర కాలపు శిల్పాలను చూడకుండానే వెళ్లిపోతున్నారు. ఏనుగులు, వేటగాళ్లు, శివుడి కథలు వరసల్లో చెక్కి ఉంటాయి. 1677లో శివాజీ వచ్చిన గుడి ఇది. ఆ గోడకు ఒక గంట ఇచ్చినా తక్కువే.

ఖర్చు సంగతి. రానూపోనూ 430, మల్లెలతీర్థానికి 16, శ్రీశైలంలో తిరిగేది 34, మొత్తం 480 కిలోమీటర్లు. ఘాట్ కలుపుకుని లీటరుకు 15 ఇస్తే 32 లీటర్లు. పెట్రోలు లీటరు 107 రూపాయలనుకుంటే సుమారు 3,400. ఐదుగురికి తలా 680. గదీ భోజనాలూ వేరే. ట్యాంకు కల్వకుర్తి దాటకముందే నింపుకోండి. అడవిలో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ అమ్రాబాద్‌లో నిషేధం. స్టీలు సీసాల్లో నీళ్లు, డబ్బాల్లో పులిహోర పట్టుకెళ్తే సరిపోతుంది. ఆ పులిహోర కోతులకు మాత్రం వేయకండి. కార్లలోంచి విసిరే తిండికి అలవాటుపడి రోడ్డు మీదే కూర్చునే కోతులు టైర్ల కింద పడుతున్నాయి. తిరుగు ప్రయాణానికి రెండోరోజు భోజనం చేసి ఒంటిగంటకు బయల్దేరితే మూడున్నరలోపు మన్ననూరు, చీకటి పడేలోగా హైదరాబాదు.