క్రీస్తు జయంతి – కతోలిక గృహజీవనము

క్రీస్తు జయంతి అనగానే పలువురకు స్ఫురించునవి డిసెంబరు 25వ తేది, ఇంటి చూరున వ్రేలాడు కాగితపు నక్షత్రము, అర్ధరాత్రమున మ్రోగు దేవాలయపు గంట. ఇవి పండుగకు బాహ్యరూపములు. కతోలిక కుటుంబములకు ఈ పండుగ ఒక్క రాత్రి మొదలై మఱునాటితో ముగియునది కాదు. దానికి ముందు సుమారు నాలుగు వారముల నిరీక్షణ కలదు. తరువాత రెండు మూడు వారముల ఆనందకాలము కలదు. ఈ కాలమున దేవాలయములో జరుగునది కొంతయే. ఇంటిలో జరుగునది అంతకంటె అధికము. వంటయింటను, వాకిటను నిత్యము నడచు సంసారము నడుమ ఒక విశ్వాసము ఎట్లు నిలుచునో, ఎట్లు పరీక్షింపబడునో తెలిసికొనుటకు ఈ దినములు మంచి నిదర్శనము.

నవంబరు 30వ తేది పునీత అంద్రెయ పండుగ. ఆ తేదికి మిక్కిలి సమీపమున నున్న ఆదివారముతో ఆగమనకాలము ఆరంభమగును. ఆగమనమనగా రాక. రానున్న వానికొఱకు ఇల్లు సర్దుకొను కాలమిది. గురువు ఊదారంగు పూజావస్త్రములు ధరించును. మూడవ ఆదివారమున మాత్రము, నిరీక్షణ సగము గడచినదను సంతోష సూచకముగ, గులాబిరంగు వస్త్రములు ధరించు ఆచారము కలదు. పచ్చని ఆకులతో అల్లిన వలయమున నాలుగు క్రొవ్వువత్తులు నిలిపి, వారమునకొకటి చొప్పున వెలిగించు పద్ధతి నేడు పెక్కు దేవాలయములలోను, ఇండ్లలోను కానవచ్చుచున్నది. ఇది కతోలికులలో పుట్టిన ఆచారము కాదు. 1839లో జర్మనీ దేశపు హాంబర్గు నగరమున యోహాను విఖెర్ను అను ప్రొటెస్టంటు బోధకుడు, తన ఆశ్రయమున పెరుగుచున్న బీదపిల్లలు "పండుగ ఎన్నడు?" అని మాటిమాటికి అడుగుచుండగా, ఒక చక్రముపై దీపములను అమర్చి, దినమునకొకటి వెలిగించి చూపెను. పిల్లల తొందరకు సమాధానముగ పుట్టిన ఆ దీపచక్రమును తరువాత కతోలికులును తమదిగా చేసికొనిరి.

ఈ వారములలో ఇంటి పనులకు, ప్రార్థనకు నడుమ గీత గీయుట కష్టము. గోడలకు సున్నము కొట్టుట, పాతబట్టలు ఉదుకుట, పిండివంటలకు బియ్యము దంచించుట ఒక ప్రక్క. సాయంకాలపు జపమాల మఱియొక ప్రక్క. మన పల్లెలలో ఇది వరికోతల కాలము కూడ. పొలమునుండి వచ్చిన తండ్రి అలసియుండును; పిల్లలు మంగళవార్త జపము నడుమనే కునుకు తీయుదురు; తల్లి మనస్సు సగము పొయ్యిమీదనే యుండును. ఇట్టి ప్రార్థనకు విలువ యేమని కొందరు సంశయింతురు. కాని ఇంటిల్లిపాదియు ఒకచోట కూర్చుండి, రోగిని, పరదేశమున నున్నవానిని, మరణించినవానిని పేరుపేరున స్మరించు క్షణము దినమంతటిలో అదియొక్కటియే. అలసటతో చెప్పిన జపమునకును ఆ విలువ తగ్గదు.

గృహమున పశువులపాకను నిర్మించుట ఈ కాలమున పిల్లలకు ముఖ్యమైన పని. అట్టపెట్టెలు, వెదురుబద్దలు, క్రొత్త వరిగడ్డి దీనికి సామగ్రి. కొన్ని ఇండ్లలో మట్టిమూకుడులో ఆవాలో మెంతులో చల్లి, మొలకలను పాక ముందు పచ్చికబయలుగా నిలుపుదురు. ఈ ఆచారమునకు మూలపురుషుడు అస్సిసి పట్టణపు పునీత ఫ్రాన్సిసు. 1223లో ఇటలీలోని గ్రేచ్చో అను కొండపల్లెలో, గడ్డి నింపిన తొట్టిని, ఎద్దును, గాడిదను తెప్పించి, వాని చెంతనే అర్ధరాత్రి పూజ జరిపించెను. నాడు అచ్చట ప్రతిమలు లేవు. చుట్టుప్రక్కల గ్రామస్థులే దివిటీలతో వచ్చి నిలిచిరి. ఎద్దు గాడిదల ప్రస్తావన సువార్తలలో లేదు. యజమానుని గుర్తెరుగు పశువులను గూర్చి యెషయా ప్రవక్త చెప్పిన మాటనుండి అవి ఈ దృశ్యములోనికి వచ్చినవి. 2019 డిసెంబరు 1వ తేదిన ఫ్రాన్సిసు పాపుగారు ఆ గ్రేచ్చోకే వెళ్ళి, ఇండ్లలో పాకను నిర్మించు ఆచారమును విడువవలదని కోరుచు ఒక లేఖపై సంతకము చేసిరి.

పండుగ రాత్రి వఱకు తొట్టి ఖాళీగ నుండును. కొన్ని కుటుంబములలో తల్లి పిల్లలకొక నియమము విధించును: ఒక మంచిపని చేసిన బిడ్డ ఒక గడ్డిపోచను తొట్టిలో వేయవలెను. చెల్లెలికి తన వంతు పండు ఇచ్చినవాడు ఒక పోచ వేయును. అవ్వకు మంచినీరు అందించినది మఱియొక పోచ వేయును. జయంతి నాటికి బాలయేసునకు మెత్తని పడక సిద్ధము కావలెను. వేదోపదేశమును పుస్తకము లేకయే నేర్పు పద్ధతులలో దీనికి సాటి వచ్చునది అరుదు. బాలయేసు భక్తి మన నేలకు క్రొత్తది కాదు. గుంటూరు ప్రాంతమునందలి ఫిరంగిపురములో బాలయేసు పేరనే దేవాలయము వెలసియున్నది.

పిల్లల పని గడ్డిపోచలతో తీరును. పెద్దల పని అంత సులభము కాదు. పండుగకు ముందు దినములలో పాపసంకీర్తనము చేయుటకు జనులు గురువు చెంత వరుస కట్టుదురు. గురువు ముందు మోకరించుట కొంత సుకరమే. పొలముగట్టు తగవుతో మాటలు మానిన అన్నగారి గడప త్రొక్కుట దుష్కరము. బలిపీఠము చెంతకు కానుకతో వచ్చినవానికి, సోదరునకు తనపై మనస్తాపము కలదని జ్ఞప్తికి వచ్చినచో, కానుకను అచ్చటనే విడిచి ముందుగా సోదరునితో సమాధానపడవలెనని మత్తయి సువార్త బోధించుచున్నది. అపహరించిన సొమ్మును తిరిగి ఇచ్చు సంకల్పము లేని పశ్చాత్తాపము పశ్చాత్తాపమే కాదనుట శ్రీసభ బోధ. కావున సమాధానమనగా అన్యాయమునకు గురియైనవానిని నోరు మూసికొని సహింపుమనుట కాదు; అన్యాయము చేసినవాడు దానిని సరిదిద్దుట. ఊరి పెద్దలో, ఉపదేశియో ఈ దినములలో రాయబారము నడుపుట కలదు. ఒక్కొక్కప్పుడు పిల్లల చేత పంపిన అరిసెల పళ్ళెమే ఆ రాయబారము. పళ్ళెము తిరిగి రానూవచ్చును. అయినను ముందుగ పంపినవాని పండుగ వ్యర్థము కాదు.

క్రీస్తు జన్మించిన తేది సువార్తలలో లేదు. డిసెంబరు 25వ తేదిని పేర్కొన్న ప్రాచీన ఆధారములలో 354లో రోమానగరమున కూర్చబడిన పంచాంగము ముఖ్యమైనది. ఈ పండుగకు రాత్రి, తెల్లవారుజాము, పగలు అని మూడు వేర్వేరు పూజలు కలవు. రాత్రిపూజకు వచ్చు కుటుంబములు చంటిబిడ్డలను దుప్పట్లలో చుట్టుకొని చలిలో నడచి వచ్చెడివి. చాలకాలము ఈ పూజ లాటిను భాషలో జరిగెను. పాటలు, జపములు తెలుగున ఉన్నను, బలిపీఠము కడ వినబడు మాటలు పరభాషయే. 1963 డిసెంబరు 4వ తేదిన రెండవ వాటికను మహాసభ వెలువరించిన ఆరాధనక్రమ శాసనము దేశభాషలకు ద్వారము తెరచెను. అటుపిమ్మట అక్షరములు రాని అవ్వకును పూజలోని ప్రతిమాటయు తన ఇంటిమాటయే అయినది. అయితే తెలుగు పద్యము క్రీస్తు కథను అంతకు పూర్వమే ఎరుగును. 18వ శతాబ్దిలోనే మంగళగిరి ఆనందకవి "వేదాంత రసాయనము" అను కావ్యమున దానిని రచించెను.

దేవాలయమునకు రాలేని వృద్ధులకు, రోగులకు ఈ విషయమున ఆకాశవాహిని చేసిన ఉపకారము చిన్నది కాదు. వాటికను రేడియో కేంద్రమును మార్కోని నిర్మింపగా, 1931 ఫిబ్రవరి 12వ తేదిన పదునొకండవ భక్తినాథ పాపుగారు ప్రారంభించిరి. రెండవ ప్రపంచ సంగ్రామకాలమున పండ్రెండవ భక్తినాథ పాపుగారి జయంతి సందేశములు యుద్ధమున ఛిన్నాభిన్నమైన దేశములకు ఆ మార్గముననే చేరినవి. మంచముపట్టిన వ్యక్తి చెంత రేడియో నుంచి, ఇంటివారు కొంతసేపు కూడ కూర్చుండినచో ఆ గదియు ప్రార్థనామందిరమే. ఆ వ్యక్తిని రేడియోకు అప్పగించి అందఱును వెడలిపోయినచో మాత్రము సగము ఫలమే దక్కును.

పండుగనాడు క్రొత్తబట్టలు, విందు, ఇరుగుపొరుగులకు పిండివంటలు పంచుట మనకు పరిచితమే. మతభేదము లేక పళ్ళెములు వీధి దాటును. సంక్రాంతికి ఆ పళ్ళెములే నిండి తిరిగివచ్చును. కాని ఈ సంబరము కొఱకై అప్పు చేయు కుటుంబములును కలవు. పిల్లల బట్టలకై తెచ్చిన అప్పు వేసవి వఱకు వెన్నాడుట ఎందఱో ఎరుగుదురు. అట్టివారు సువార్తలోని ఒక చిన్న విషయమును గమనింపవలెను. శిశువును దేవాలయమున సమర్పించునపుడు మరియ యోసేపులు అర్పించినది గొఱ్ఱెపిల్ల కాదు, పక్షుల జంట. గొఱ్ఱెపిల్లను కొనలేని బీదలకు మోషే ధర్మశాస్త్రము అనుమతించిన కానుక అది. పేదరికమును దాచుకొనవలసిన అవసరము ఆ కుటుంబమునకు కలుగలేదు. దాని పండుగను జరుపుకొను ఇంటికిని కలుగరాదు.

జయంతి మఱునాడే ప్రథమ వేదసాక్షి స్తెఫాను పండుగ. 27వ తేది అపోస్తలుడైన యోహాను పండుగ. 28వ తేది హేరోదు చంపించిన పసిబిడ్డల స్మరణదినము. ఆనందము నడుమ ఈ కన్నీరు ఏలయని అడుగవచ్చును. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి పండుగ దినములే మిక్కిలి బరువైనవి. ఆమె దుఃఖమునకు కూడ ఈ కాలమున చోటు కలదని ఆ దినము తెలుపుచున్నది.

ఈ అష్టాహమునందలి ఆదివారము తిరుకుటుంబ పండుగ. 1921లో పదునైదవ బెనెడిక్టు పాపుగారు దీనిని విశ్వశ్రీసభ అంతటికి విస్తరింపజేసిరి; 1969 నాటి పంచాంగ సవరణతో అది ఇప్పటి స్థానమునకు వచ్చినది. తిరుకుటుంబమనగానే కష్టమెఱుగని ఇల్లు మనస్సున మెదలును. సువార్త చిత్రించునది వేరు: సత్రమున స్థలము దొరకనివారు, రాత్రికి రాత్రి ఐగుప్తునకు పలాయనమైనవారు, పండ్రెండేండ్ల బాలుడు తప్పిపోగా మూడు దినములు వెదకినవారు. యోసేపు పలికిన మాట ఒక్కటియు సువార్తలలో లేదు. అతడు లేచి చేసిన పనులే కలవు. 1964 జనవరి 5వ తేదిన నజరేతును దర్శించిన ఆరవ పౌలు పాపుగారు, ఆ ఇల్లు నేర్పు పాఠములు మూడని వివరించిరి: మౌనము, కుటుంబజీవనము, శ్రమ. ఆ సంవత్సరముననే నవంబరు 21వ తేదిన మహాసభ తన శ్రీసభా శాసనమున కుటుంబమును గృహశ్రీసభగా పేర్కొనెను. తలిదండ్రులే బిడ్డలకు ప్రథమ వేదోపదేశకులనుట దాని భావము.

తూర్పు జ్ఞానులు శిశువును దర్శించిన సాక్షాత్కార పండుగకు జనవరి 6వ తేది సంప్రదాయమైనది. పెక్కు దేశములలో సమీపపు ఆదివారమున జరుపుదురు. ఐరోపాలో ఆనాడు ద్వారబంధముపై సుద్దతో సంవత్సరపు అంకెలను, మూడు లాటిను అక్షరములను వ్రాయుదురు. క్రీస్తు ఈ గృహమును దీవించుగాక అని దాని కొక అర్థము. పిమ్మట క్రీస్తు జ్ఞానస్నాన పండుగతో ఈ కాలము పరిసమాప్తమగును.

అప్పుడు పాకను విప్పి, ప్రతిమలను పాతగుడ్డలో చుట్టి పెట్టెలో దాచుదురు, గడ్డిని పశువులకు వేయుదురు, నక్షత్రము అటకకెక్కును. సాయంకాలపు జపమాల, అన్నగారి ఇంటితో కలిసిన మాట, పంచుకొని తిను అలవాటు మాత్రము పెట్టెలో దాచునవి కావు. అవి మరుసటి ఆగమనకాలము వఱకు ఇంటిలో నిలిచినచో, ఆ ఇంట పండుగ సక్రమముగ జరిగినదని చెప్పవచ్చును.