జార్జియాలో ఏడు రోజులు



మా జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ఇళ్ళల్లో జార్జియా మాట కొత్త కాదు. 'గౌతమిపుత్ర శాతకర్ణి' (2017), 'సైరా నరసింహారెడ్డి' (2019) యుద్ధ సన్నివేశాలు అక్కడ తీశారు. "చూసొద్దామా?" అని మావారు అన్నప్పుడు నాకు రెండు బెంగలు. ఒకటి, శాకాహారం. రెండోది, అది వైన్‌కు పేరుపడ్డ దేశం. అత్తయ్యగారికి ఏమని చెప్పను?

టిబిలిసి నగరానికీ, దగ్గర్లోని పాత రాజధాని మ్త్‌స్ఖేతాకూ మూడు రోజులు పట్టింది. పేరుకు నోరు తిరగదు గానీ, అక్కడి 11వ శతాబ్దపు చర్చి ముందు నిలబడితే అసలు మాటే రాదు. కాజ్‌బెక్ కొండలకు రెండు రోజులు. షూటింగు చోటు కోసం వెతక్కండి. గుర్రాలూ డేరాలూ ఎప్పుడో వెళ్ళిపోయాయి, గడ్డీ గాలీ మిగిలాయి.

చివరి రెండు రోజులు కాఖేతి ద్రాక్షతోటలు. నేను వద్దన్నదీ, ఇప్పటికీ మనసులో ఉన్నదీ అదే. మన పల్లెల్లో ధాన్యం పాతర వేసేవారు కదా! అలాగే అక్కడ క్వెవ్రి అనే పెద్ద మట్టిబానలను మెడదాకా భూమిలో పాతుతారు. లోపల తేనెమైనం పూత. ద్రాక్షరసాన్ని తొక్కలతో సహా పోసి, మూసి, అయిదారు నెలలు ఉంచేస్తారు. నేలలో ఉంటుంది గనుక ఎండాకాలమైనా చల్లదనం తప్పదు. ఈ పద్ధతిని 2013లో యునెస్కో వారసత్వంగా గుర్తించింది. ఎనిమిది వేల ఏళ్ళనాటి కుండపెంకుల్లో వైన్ ఆనవాళ్ళు దొరికిన దేశం మరి! గ్లాసు ముట్టకుండానే ఇదంతా చూశాను, ఎవరూ ఏమీ అనుకోలేదు.

తిండికీ లోటు రాలేదు. లోబియో అనే చిక్కుడుగింజల కూర, అక్రోటు ముద్ద కూరిన వంకాయ రోజూ దొరికాయి. కారం తక్కువ, ఆవకాయ పట్టుకెళ్ళండి.

అక్రోటుపప్పు దారానికి గుచ్చి, పిండి కలిపి కాచిన ద్రాక్షరసంలో ముంచి ఆరబెట్టిన చుర్చ్‌ఖేలా అత్తయ్యగారికి తెచ్చాను. మత్తు లేదని ఒట్టేస్తేగానీ ముట్టుకోలేదు. రెండోది ఆవిడే అడిగి తీసుకున్నారు.