కాన్పు గడువు, కార్డు గడువు

కుమార్తె గర్భవతియైనదని సముద్రముల కావలినుండి వార్త వచ్చినంతనే మనము మొదట అడుగునది ఎన్నవ నెలయని; పిమ్మట పురుడెప్పుడని. నీ పని కార్డు గడువు ఎప్పుడు తీరునని అడుగు తల్లులు అరుదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో హెచ్-4 వీసాపై నుండి ఉద్యోగము చేయుచున్న తెలుగు వనితలు అనేకులు కలరు. వారి విషయమున ఈ రెండవ గడువును పురిటి గడువంత ముఖ్యమైనదని సోదరీమణులకు విన్నవించుటకే మేము ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

హెచ్-1బి వీసాపై ఉద్యోగము చేయువాని భార్యకు హెచ్-4 వీసా లభించును. భర్త గ్రీన్‌కార్డు ప్రయత్నము కొంత ముందునకు సాగియున్నచో, 2015 మే 26 మొదలుకొని అట్టి భార్య ప్రత్యేకముగ అనుమతి కార్డు పొంది ఉద్యోగము చేయవచ్చును. ఈ కార్డునకు గడువు కలదు. అది తీరకమునుపే పునరుద్ధరణకై దరఖాస్తు చేయవలెను. సకాలమున దరఖాస్తు చేసినవారు, ఫలము తెలియువరకు కొంతకాలము పాత కార్డుతోడనే పనిచేయు వెసులుబాటు, 2021లో ఒక వ్యాజ్యము రాజీపడుటవలన హెచ్-4 వనితలకును లభించెను. 2022లో ఆ కాలము 180 దినములనుండి 540 దినములకు పెరిగెను. కాని 2025 అక్టోబరు 30 మొదలు సమర్పించు దరఖాస్తులకు ఆ వెసులుబాటును ప్రభుత్వము తీసివేసినది. ఇక కొత్త కార్డు చేతికి రాక, పాత కార్డు గడువు తీరినచో, ఆ దినముననే పని మానవలసినదే.

పని మానినచో జీతముమాత్రమే గాక ఆరోగ్యబీమాయు ఆగవచ్చును. ఆ దేశమున పనిచేయు వయసువారిలో పెక్కుమందికి బీమా ఉద్యోగముద్వారా లభించునదే. ఉద్యోగము ముగిసిన నాడో, ఆ నెల తుదినో అది నిలిచిపోవుట పరిపాటి. ఆరవ నెల గర్భిణికి ఇట్లు జరిగినదనుకొందము. 24 మొదలు 28 వారముల నడుమ జరుగవలసిన మధుమేహపరీక్ష ఆ కాలముననే వచ్చును. ఖర్చునకు వెరచి, కార్డు వచ్చిన పిమ్మట చూచుకొందమని ఆమె వైద్యురాలికడకు పోవుట మానినచో, రక్తపుపోటు పెరిగినను కనిపెట్టువారుండరు. దరఖాస్తు ఆగిననాళ్లు కడుపులోని శిశువు పెరుగుట ఆగదు గదా!

ఇందొక వింత కలదు. భర్త తన హెచ్-1బి గడువు పొడిగింపునకు సకాలమున దరఖాస్తు చేసియున్నచో, ఫలము రాకున్నను 240 దినములవరకు అదే యజమానికడ పనిచేయుటకు చట్టము సమ్మతించుచున్నది. అట్లే సకాలమున దరఖాస్తు చేసిన భార్యకు నేడు ఒక్క దినమైనను లేదు. జాగు కచేరీది, నష్టము గర్భిణిది. ఇది న్యాయము కాదని మా అభిప్రాయము.

న్యాయము మారువరకు ఉన్న ద్వారములను ఎరిగియుండుట మన పని. మొదటిది భర్త ఉద్యోగపు బీమా. భార్య బీమా పోయిన 30 దినములలోపల కోరినచో ఆమెను అందు చేర్చుకొనవలెను. గర్భము ముందే యున్నదని ఆ ఖర్చులను త్రోసిపుచ్చరాదు. 30 దినములు దాటినచో, సాధారణముగ సంవత్సరమున కొకమారు వచ్చు చేరికలవరకు వేచియుండవలసినదే. రెండవది కోబ్రా అను చట్టముక్రింద పాత బీమానే నిలుపుకొనుట. ఇరువదిమందికి తక్కువగాని ఉద్యోగులున్న సంస్థలలో 18 నెలలవరకు ఇది సాధ్యము. యజమాని చెల్లించు భాగమునుగూడ తామే చెల్లించవలెను గనుక భారమెక్కువ. కాని 60 దినములలోపల కోరి సొమ్ము కట్టినచో, బీమా పోయిన నాటినుండియే చెల్లును. మూడవది 2010 చట్టమువలన ఏర్పడిన బీమా విపణి. అందును ఉద్యోగబీమా పోయిన 60 దినములలోపలనే చేరవలెను. అచ్చటి బీమాలలో కాన్పు ఖర్చు తప్పక చేరియుండును; గర్భిణియని ఎవ్వరును నిరాకరింపరాదు.

ఆదాయము స్వల్పమైనచో మెడికెయిడ్ కలదు. చట్టసమ్మతముగ నివసించు గర్భిణులను, వారు పరదేశీయులైనను, అందు చేర్చుకొను స్వేచ్ఛ 2009 చట్టమువలన రాష్ట్రములకు లభించెను. పెక్కు రాష్ట్రములు దానిని అవలంబించినవి. ఇక నొప్పులు వచ్చి ఆసుపత్రికి చేరిన స్త్రీని, సొమ్ము లేదని పంపివేయుట 1986 చట్టమువలన నిషిద్ధము. అయితే పిదప బిల్లు రాకమానదు.

పుట్టింటికి రమ్మని పిలుచుట మనకు సహజము. కాని తిరిగిపోవునప్పుడు వీసా ముద్రకై ఎన్నాళ్లు వేచియుండవలెనో తెలియక, పసిబిడ్డతో ఇచ్చట చిక్కుకొను భయమును కలదు. కనుక ఆ మాట నొక్కి చెప్పుటకుముందు వారి పరిస్థితిని అడిగి తెలిసికొనవలెను.

కావున సోదరీమణులారా, కుమార్తెతోగాని కోడలితోగాని మాటలాడునపుడు మూడు సంగతులు అడుగుడు. కార్డు గడువు తీరుటకు 180 దినములు ముందుగనే దరఖాస్తు చేయవచ్చును, చేసితివా? పని మానవలసివచ్చినచో నీ బీమా ఏ దినముతో ముగియును? నీ భర్త తన కచేరీలో 30 దినముల సంగతి విచారించెనా? అల్లునిగూడ ఈ చివరి ప్రశ్న అడుగుటలో సంకోచింపనక్కరలేదు. బిడ్డ పుట్టిన పిమ్మటను అట్టి 30 దినములలోపల శిశువును తండ్రి బీమాలో చేర్చినచో, పుట్టిన నాటినుండియే చెల్లునని ఆయనకు గుర్తుచేయుడు. సీమంతమునకు ముహూర్తము చూచునపుడు ఈ తేదీలనుగూడ ఆ పంచాంగముననే వ్రాసి యుంచుకొనుడు.