కొరివి దయ్యానికి నిప్పు ఎక్కడిది?

నోరు తెరిస్తే మంట, మూస్తే చీకటి. చెరువు గట్ల మీదా వల్లకాడి పక్కనా తిరిగే కొరివి దయ్యం గురించి పల్లెల్లో పిల్లలకు చెప్పేది ఇదే. దగ్గరికెళ్తే వెనక్కి జరుగుతుందట, పరిగెత్తితే వెంటపడుతుందట. బెంగాల్ జాలర్లు ఆలేయా అన్నా, కచ్ పశువుల కాపరులు ఛిర్ బత్తి అన్నా వర్ణన దాదాపు ఇంతే. ఇంతమందికి ఒకేలా కనిపించిందంటే, దయ్యం మాటెలా ఉన్నా వెలుగును కొట్టిపారేయలేం.

దాని నడకను ఓపికగా గమనించినవాడు బ్లెసన్ అనే జర్మన్ సైనికాధికారి. అడవిలోని బురదనేల మీద నీలి మంటలు తను దగ్గరయ్యే కొద్దీ జరిగిపోవడం చూసి, తన కదలికకూ ఊపిరికీ చెదిరే గాలే వాటిని నెడుతోందేమోనని అనుమానించాడు. ముఖం పక్కకు తిప్పుకుని కదలకుండా నిలబడితే మంట కూడా నిలిచింది. సన్నని కాగితం ముక్క అందిస్తే అంటుకుంది! ఈ సంగతులు 1832లో అచ్చయ్యాయి. పరిగెత్తేవాడి వెనక రేగే గాలి అదే మంటను అతని వైపు లాగగలదు కూడా.

మండేదేమిటో తెలిసిందే. గాలి చొరని బురదలో ఆకూ అలమూ కుళ్ళితే సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి. 1776లో ఇటలీలోని మజ్జోరె సరస్సు బురద కెలికి శాస్త్రవేత్త వోల్టా పట్టింది దీన్నే. మన గోబర్ గ్యాస్‌లో ఉన్నదీ ఇదే. చిక్కల్లా అంటించేదెవరన్నదే. మీథేన్ దానంతటది అంటుకోవాలంటే 500 డిగ్రీలకు పైగా వేడి కావాలి. కుళ్ళులో పుట్టే డైఫాస్ఫేన్ గాలి తగిలితే చాలు భగ్గుమంటుంది కనుక అగ్గిపుల్ల అదేనని చాలాకాలం చెప్పుకున్నారు. కానీ అది మండితే తెల్లటి పొగ రావాలి. చూసినవాళ్ళ కథల్లో ఆ పొగ పెద్దగా కనబడదు.

2025లో రసాయన శాస్త్రవేత్త రిచర్డ్ జేర్ బృందం మరో దారి చూపింది. మీథేన్, గాలి కలిసిన సూక్ష్మ బుడగలను నీళ్ళలోకి వదిలితే వాటి మధ్య విద్యుదావేశం తేడాతో బుల్లి మెరుపులు పుట్టాయి, వేడి చేయకుండానే మీథేన్ ఆక్సిజన్‌తో చర్య జరిపింది. ప్రయోగశాల నీటి తొట్టికీ మన చెరువుకీ దూరం ఉంది గానీ, డైఫాస్ఫేన్ కథ కన్నా నాకిదే నచ్చింది.

ఇప్పుడు కొరివి దయ్యాలు ఎందుకు తగ్గాయో తెలియడానికి మాత్రం పెద్ద పరిశోధన అక్కర్లేదు. చెరువులు పూడాయి, ఊరి చివరి దాకా వీధి దీపాలొచ్చాయి. మీథేన్ మంట పలచని నీలం. ఫోన్ టార్చి వేసుకుని వెతికితే ఎదురుగా ఉన్నా కనిపించదు.