గృహస్థుడైన మల్లుడు: జోరా ఫాలీ సంస్మరణము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో అరిజోనా యను ఎడారి రాష్ట్రము కలదు. అందు 1912వ సంవత్సరమున వెలసిన పట్టణము చాండ్లర్. ఒకప్పుడు దాని చుట్టును కాలువనీటిపై పండు ప్రత్తిచేలు వ్యాపించి యుండెడివి. చెరకుతోటల నడుమ పుట్టిపెరిగిన మన ద్వీపవాసులకు అట్టి యూరి బ్రదుకును వేరుగ వర్ణింప నక్కరలేదు. నేడచ్చట చేలకు మారుగా ఎలక్ట్రానిక్ పరికరముల కర్మాగారములు నిలిచినవి. వాటిని నమ్ముకొని వచ్చిన తెలుగు కుటుంబములును పెక్కు కలవు. ఆ నగరమున పిల్లలాడుకొను తోట యొకటి ఫాలీ స్మారకోద్యానమను పేర నున్నది. ఆ పేరుగల పురుషుని కథ మనమును వినదగినది.

జోరా ఫాలీ 1931లో టెక్సాస్ రాష్ట్రమందలి డాలస్ నగరమున నల్లజాతి కుటుంబమున జనించి, బాల్యముననే చాండ్లరు చేరెను. మీసములైనను సరిగా మొలవని వయస్సున సైన్యమున జేరి, కొరియా యుద్ధమున పనిచేసి, ముష్టియుద్ధ మభ్యసించెను. 1953లో దానినే జీవనవృత్తిగా గైకొనెను. బరువైన మల్లుల తరగతిలో అగ్రశ్రేణి నందుకొని, అనేక సంవత్సరములు ఆ వరుసను వీడకుండెను. 1961లో ఇంగ్లండు వీరుడు హెన్రీ కూపరును రెండవ రౌండుననే పడగొట్టెను. అయినను ప్రపంచ విజేతతో తలపడు నవకాశము మాత్రము ఏండ్లు గడచినను రాలేదు.

అది వచ్చుసరికి ఆయనకు ముప్పదియైదేండ్లు. 1967 మార్చి 22వ తేదీన న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెనున మహమ్మదాలీ నెదిరించి, ఏడవ రౌండున నేలకొరగెను. ప్రత్యర్థులను ముందుగా మాటలతో చీల్చి చెండాడుట అలీకి పరిపాటి. కాని ఫాలీ విషయమున ఆయన నోట పరుషవాక్యము రాలేదు. ఇంటినిండ బిడ్డలుగల యీ సాధువును ద్వేషించుట కష్టమని అలీయే యొప్పుకొనెను. పిడికిళ్లతో పొట్టపోసికొనువాడు అజాతశత్రువుగ నుండుట యెంత యరుదు! బిరుదు రాకున్నను అంతకన్న గొప్పదానిని ఆయన ఆ రాత్రి ఇంటికి గొనిపోయెనని చెప్పవచ్చును.

పిమ్మట ఫాలీ చాండ్లరు నగరసభలో సభ్యుడై ప్రజాసేవ చేసెను. 1972 జూలైలో టూసన్ నగరమున ఒక వసతిగృహపు ఈతకొలను చెంత తలకు గాయములు తగిలి మరణించెను. అప్పటికి నలువదియొక్క యేండ్లు. మిత్రులతో నవ్వుతాలకు ఆటలాడుచుండగా ప్రమాదము సంభవించెనని అధికారులు నిర్ణయించిరి. సందేహించినవారును లేకపోలేదు. ఏమైనను ఒక ఇల్లాలు భర్తను, బిడ్డలు తండ్రిని కోల్పోయిరి. నేడు ఆయన పేరిటి తోటలోనే ఈతకొలను కలదు. పెద్దల కనుసన్నలలో పిల్లలు అందు జలకములాడుదురు. నీటిచెంత అంతమైన జీవితమునకు ఇంతకన్న తగిన స్మారకము వేరొకటి యుండునా?

మన ధర్మశాస్త్రములు నాలుగాశ్రమములలో గృహస్థాశ్రమమే తక్కిన మూడింటికి నాధారమని చెప్పుచున్నవి. గృహస్థధర్మ మనగా పూజలు, దానములు మాత్రమేయని కొందరి తలంపు. బిడ్డలను భుజములపై నెక్కించుకొనుట, వారితో ఇసుకలో గూళ్లు కట్టుట, ఇరుగుపొరుగును నవ్వించుట కూడ ఆ ధర్మములోనివే. ఇంటిలో నవ్వు లేనిచో దీపమున్నను చీకటియే.

మన దేవాలయముల గోడలపై దాతల పేర్లు చెక్కబడియున్నవి. అది యుక్తమే. కాని ఆరు దినములు చెరకు నరికి, ఏడవ దినమున బిడ్డలను సముద్రతీరమునకు గొనిపోయి, గాలమువేయుట నేర్పిన తండ్రుల పేర్లు ఏ గోడపైనను లేవు. వారిని గుర్తెరిగినవారు నానాటికి తరుగుచున్నారు. ఆ నోళ్లు మూతపడినచో ఆ కథలు మరల రావు.

కావున సోదరీ సోదరులారా, మహాలయపక్షమున తిలోదకము లర్పించునప్పుడు గోత్రనామములతో సరిపెట్టకుడు. తాతగారు ఏ పాట పాడెడివారో, ఏ వాగున ఈదెడివారో, ఏ మాటకు పకపక నవ్వెడివారో ఆ దినమున పిల్లలను చుట్టును కూర్చుండబెట్టుకొని చెప్పుడు. ఆ మాటలును వారికి తర్పణమే యగును.